బంగినపల్లి చాటున నూజివీడు రసాలు

విజయవాడ: ఉత్తరాది మండీల నుంచి మామిడి కోసం ఫోను వస్తే అడిగేవి రెండే రకాలు. ఒకటి బంగినపల్లి, రెండు తోతాపురి. బంగినపల్లిని వారు సఫేదా అంటారు. తోతాపురిని మన రైతులు కలెక్టరు కాయ అంటారు. నున్న మార్కెట్టులో సీజను పొడుగునా లారీలకెక్కే సరుకులో పెద్ద భాగం ఈ రెండే. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, పంచదార కలశ వంటి రకాలు లేకపోలేదు గాని అవి బుట్ట వ్యాపారానికీ, పచ్చళ్లకూ, చుట్టపక్కాలకు పంపే పార్శిళ్లకూ పరిమితమై ఉన్నవి. రాష్ట్రం దాటితే వీటి పేరు తెలిసిన బయ్యర్లు తక్కువ.

ఇందుకు కారణం పండులోని లోపమా, వ్యాపారంలోని లోపమా అన్నది ఆలోచించదగిన విషయం. రెండూ కొంత ఉన్నవి. రెండవదే ఎక్కువ అని మా అభిప్రాయం.

డెల్టా పక్కన మెట్ట

బయటి వర్తకులు కృష్ణా డెల్టా మామిడి అని రాస్తుంటారు. నిజానికి డెల్టాలో మామిడి తక్కువ. 1855లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిన తరువాతా కాలువల కింది నల్లరేగడి నేలలన్నీ వరికే పోయినవి. నీరు నిలిచే నేల మామిడికి పనికిరాదు. కాలువలు ఎక్కలేని ఉత్తరపు మెట్టలో, నీరు త్వరగా ఇంకిపోయే ఎర్రనేలల్లో మామిడి పెరిగింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, తిరువూరు ఈ పట్టెలో ముఖ్యమైన ప్రాంతాలు. డెల్టా వరి తిన్నది, మెట్ట మామిడి తిన్నది. రెండింటినీ అమ్మిపెట్టింది బెజవాడ.

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల విభజనలో ఈ పట్టె మూడు ముక్కలయింది. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ఏలూరు జిల్లాలోకి పోయినవి. మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. బాపులపాడు, గన్నవరం కృష్ణాలో మిగిలినవి. నున్న మార్కెట్టు ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది. పరిపాలనకు ఇది మంచిదే కావచ్చు. సరుకు లెక్కలు చూసుకునేవారికి మాత్రం ఒకే తోటల పట్టె మూడు పట్టికల్లో కనబడుతుంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామో ముందు తెలుస్తుంది.

రసాల సంగతి

మామిడి పళ్లను మనవాళ్లు కోత రకాలు, రసాలు అని రెండు తెగలు చేశారు. బంగినపల్లి కోత పండు. పీచు ఉండదు, కత్తి దిగుతుంది, ముక్క నిలుస్తుంది, తొక్క గట్టిది, రంగు చక్కగా తిరుగుతుంది. లారీలో నాలుగు రోజులు ప్రయాణం చేసినా మార్కెట్టులో ముఖం చూపించగలదు. రసాలు ఇందుకు పూర్తిగా భిన్నం. పండును చేత్తో మెత్తచేసి ముచ్చిక తీసి జుర్రుకోవలసిందే. పీచు ఉంటుంది. రసం పలచన. వాసన మాత్రం గదిలో ఒక పండు ఉంటే వీధిలోకి తెలుస్తుంది.

చిన్నరసం పేరుకు తగినట్టు చిన్నది. తిన్నవారు దీనికే మొదటి ఓటు వేస్తారు. తీపికి కాస్త పులుపు జోడై ఉండడం దీని ప్రత్యేకత. పెద్దరసం కాయ పెద్దది, గుజ్జు ఎక్కువ. కాయగా ఉండగానే ఆవకాయకు పోయే సరుకు కూడా ఇందులో చాలా ఉన్నది. చెరకురసానికి ఆ పేరు తీపి వల్ల వచ్చింది. దీనిని ఖాదర్ అనే రకంతో సంకరం చేసి తయారు చేసిన కె.ఎం.హెచ్.-1 అనే హైబ్రిడ్ పరిశోధన కేంద్రాల నుంచి వచ్చింది గాని, మార్కెట్టులో తల్లి పేరు నిలిచినంతగా పిల్ల పేరు నిలవలేదు. పంచదార కలశ తోటకు నాలుగు చెట్లుగా మిగిలిన రకం. ఇళ్లకు తప్ప మార్కెట్టుకు రాదు.

ఈ పట్టె బయటివి కూడా కొన్ని చెప్పుకోవాలి. ఉత్తర కోస్తా సువర్ణరేఖను కొందరు సుందరి అంటారు. ఎర్రని బుగ్గతో సీజను మొదట్లోనే వస్తుంది గనుక దానికి గిరాకీ వెతుక్కోనక్కరలేదు. తూర్పు గోదావరి కొత్తపల్లి కొబ్బరి, మన జలాలు పచ్చడి పెట్టేవారికి తెలిసిన పేర్లు. తెలంగాణ వైపు హిమాయత్, ఇమాం పసందు అని పిలిచేది నవాబుల పండు. కాపు తక్కువ, ధర ఎక్కువ.

రసాలు మే రెండవ పక్షంలో, రోహిణి కార్తె ఎండల్లో మార్కెట్టుకు దిగుతాయి. అప్పటికి బంగినపల్లి ముమ్మరంగా ఉంటుంది. మార్కెట్టులో స్థలమూ, లారీలూ, కూలీలూ అన్నీ దాని వెనుకే ఉంటాయి. పండిన రసం మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. కనుక చిన్న రాశులుగా వచ్చిన రసాలను వేరు చేసి అమ్మే ఓపిక ఎవరికీ ఉండదు. చిన్నరసం, పెద్దరసం, పేరు తెలియని నాటు కాయ అన్నీ కలిపి “రసాలు” అని ఒకే రాశిగా పోసి టన్నుకు ఒక ధర వేస్తారు. రెడ్డిగూడెం సరుకో, ఆగిరిపల్లి సరుకో అడిగేవారు లేరు. నిజానికి తోట కోసే మేస్త్రీకి ఆ తేడా తెలుసు. కొన్న వర్తకునికీ తెలుసు. తినేవాడికి చెప్పే చీటీ మాత్రం లేదు.

ఊరి పేరున్న పండు, పేరు లేని పండు

ఇక్కడొక విచిత్రం ఉన్నది. బంగినపల్లి అన్నది ఒక ఊరి పేరు. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె సంస్థానం నుంచి వచ్చింది. ఆ పేరుతో పండే పండు ఇప్పుడు కోస్తా, రాయలసీమ, తెలంగాణ అంతటా ఉన్నది. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు బనగానపల్లె, పాణ్యం, నంద్యాల మండలాలను మూలస్థానంగా చూపుతూనే మిగిలిన ప్రాంతాలను కూడా చేర్చవలసి వచ్చింది. అంటే పేరులో ఊరు ఉన్నది గాని పండు ఆ ఒక్క ఊరిది కాదు.

రసాలకు ఇది తలకిందులు. ఇవి బాగా కుదిరిన నేల నూజివీడు మెట్ట. పేరులో మాత్రం ఏ ఊరూ లేదు. చిన్నరసం అంటే ఢిల్లీ బయ్యరుకు అర్థమయ్యేది ఏమీ లేదు. పేరులో ఊరు లేని సరుకును ఎక్కడి నుంచి తెచ్చి ఏ ధరకు అమ్మినా అడిగేవారు ఉండరు.

ఈ పేర్ల వ్యవహారంలో ఆరితేరిన దేశం పోర్చుగల్. వారి సంగతి మనకెందుకనుకోనక్కరలేదు. గుంటూరు యార్డులో పోసే మిరప ఈ దేశానికి వచ్చింది పోర్చుగీసు ఓడల్లోనే. మామిడిలో ఆల్ఫాన్సో అన్న పేరు 1510లో గోవాను పట్టుకున్న అఫోన్సో ద అల్బుకెర్క్ పేరు నుంచి వచ్చిందే. గోవాలోని పోర్చుగీసు పాదరీలు అంటుకట్టే విద్యను మామిడిపై ప్రయోగించి, టెంక నాటితే మారిపోయే గుణాలను తరతరాలుగా నిలిపే మార్గం చూపారు. ఫెర్నాండిన, హిలారియో, కొలాసో అన్న పేర్లతో గోవా మామిళ్లు ఇప్పటికీ ఉన్నవి. వాటిలో మంకురాద్ అనే రకం కథ మన రసాల వర్తకులు వినదగినది. పోర్చుగీసులో “మల్ కొరాద” అంటే రంగు సరిగా తిరగనిది అని అర్థం. అట్లా తీసిపారేసిన పేరున్న పండు గోవా మార్కెట్టులో మొదటి కోతలో అన్నింటికన్నా ఖరీదైనది. 2023లో దానికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంగు లేదని రసాలను పక్కన పెట్టేవారు ఆలోచించాలి.

పోర్చుగల్ తన ఇంట్లో చేసినది

తమ దేశంలో వారికి ద్రాక్ష ముఖ్యం. ద్రాక్షసారాతో ఈ పేజీ పాఠకులకు పని లేకపోయినా, దానిని వారు అమ్మిన తీరు తెలుసుకోదగినది. ప్రపంచానికి తెలిసిన వారి సరుకు పోర్టు వైను. పోర్టు అన్నది పోర్తో రేవు పట్టణం నుంచి వచ్చిన పేరు. ద్రాక్ష పండేది అక్కడ కాదు. ఎగువన డోరు నది లోయలోని పలకరాతి కొండలపై. సారాయి పీపాలు పడవల్లో దిగువకు వచ్చి, పోర్తోకు ఎదుటి ఒడ్డున ఉన్న గయా గిడ్డంగుల్లో నిలవ ఉండి ఓడలెక్కేవి. మన మెట్ట సరుకు విజయవాడ మామిడి అన్న పేరుతో పోవడం వంటిదే ఇది.

18వ శతాబ్దం మధ్యలో ఈ వ్యాపారం చెడింది. గిరాకీ పెరగడంతో ఇతర ప్రాంతాల చౌక సారా కలిపారు, రంగు కోసం ఎల్డర్ అనే చెట్టు పండ్ల రసం పోశారు. ఇంగ్లండులో పేరు పోయి ధర కూలింది. అప్పటి ప్రధాని పొంబాల్ 1756లో ఒక కంపెనీని ఏర్పరచి, డోరులో ఏ పొలాల ద్రాక్ష పోర్టుకు పనికివస్తుందో హద్దులు గీయించాడు. హద్దులో గ్రానైటు రాళ్లు పాతించాడు. అటువంటివి 300కు పైగా ఉన్నవి. ఎల్డర్ చెట్లు పీకించాడు. పక్క ప్రాంతమైన బైరాదా సారా పోర్టులో కలుస్తున్నదని అక్కడి తోటలు కూడా పీకించాడు. ఇది అన్యాయమే, బైరాదా రైతులు కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. అయితే పోర్టు ధర నిలిచింది.

పోర్టు వెలుగులో అక్కడి మిగతా ప్రాంతాలు చీకట్లో పడినవి. వాటి కథలే మనకు దగ్గర. వాయవ్యంలో వానలు ఎక్కువగా పడే మిన్యోలో విన్యో వెర్దె అనే లేత సారా వస్తుంది. ఏడాదిలోపు తాగవలసినది. అక్కడ ద్రాక్ష తీగను చెట్ల మీదికీ, ఎత్తు పందిళ్ల మీదికీ పాకించి కింద కూరగాయలు వేసుకునేవారు. ఆ ప్రాంతంలోనే మొన్సావ్, మెల్గాసు అనే రెండు ఊళ్ల చుట్టూ పండే అల్వరిన్యో ద్రాక్షకు వేరే ధర ఉన్నది.

డావ్ అనే ప్రాంతం కొండల నడుమ ఉన్న గ్రానైటు నేల. 1940ల నుంచి అక్కడ ద్రాక్ష కొనే హక్కును సహకార సంఘాలకే కట్టబెట్టారు. సంఘాలు రైతులందరి పంటనూ ఒకే తొట్టిలో పోశాయి. మంచి తోటకూ నాసి తోటకూ తేడా లేకపోవడంతో మంచి పంట తీసే రైతుకు ఉత్సాహం పోయింది, డావ్ పేరు మసకబారింది. 1986లో పోర్చుగల్ యూరపు ఆర్థిక సమాజంలో చేరాక ఆ గుత్త హక్కు రద్దయింది. తోట తోటకు వేరుగా సీసాలు నింపుకోవడం మొదలైన తరువాతే ఆ పేరు మళ్లీ లేచింది. నున్నలో రసాలన్నీ ఒకే రాశిగా పోసేవారు ఈ డావ్ తొట్టిని జ్ఞాపకం ఉంచుకోవాలి.

ఇంకొకటి కొలారిష్. లిస్బన్ పక్కన సముద్రపు ఒడ్డు ఇసుకలో పండే రమీస్కు అనే ద్రాక్ష. 19వ శతాబ్దంలో ఫిలాక్సెరా అనే వేరుపురుగు యూరపు తోటలన్నింటినీ తినివేసినప్పుడు, ఇసుకలో ఆ పురుగు బతకలేక ఈ తోటలు మిగిలినవి. నాటే కూలీలు ఇసుకను లోతుగా తవ్వి కింది బంకమట్టి దాకా దిగేవారు. ఇసుక విరిగి మీద పడితే ఊపిరాడడానికి తల మీద బుట్ట పెట్టుకునేవారు. పురుగు చంపలేని ఈ తోటలను ఇళ్ల స్థలాలు చంపినవి. లిస్బన్ విస్తరించడంతో ఇప్పుడు మిగిలినవి కొన్ని పదుల ఎకరాలు మాత్రమే. పక్కనే ఉన్న కార్కవెలోష్‌దీ అదే గతి. అక్కడ ఒకనాటి పొంబాల్ ఎస్టేటు తోటను మునిసిపాలిటీ వారు నిలబెట్టుకొస్తున్నారు. విజయవాడ చుట్టుపక్కల లే అవుట్లలో కలిసిపోయిన తోటలను చూసినవారికి ఇది వేరే దేశపు కథ అనిపించదు.

పోలికకు ఒక హద్దు కూడా ఉన్నది. సారా నిలవ ఉంటే విలువ పెరుగుతుంది. ఆ రోజుల్లో మదీరా ద్వీపపు పీపాలు ఇండియాకు వచ్చే ఓడల్లో ఉష్ణమండలం దాటి వస్తే రుచి పెరుగుతుందని వాటికి ఎక్కువ ఇచ్చేవారు. రసం పండుకు అట్లాంటి అదృష్టం లేదు. దానికి నిలవ మందు వేగం ఒక్కటే.

ఒకే రకం మీద బేరం

రెండు రకాలతో బండి నడుస్తున్నప్పుడు మిగతావాటి గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. 2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలో జరిగినది చూడాలి. అక్కడ తోటలు ఎక్కువగా తోతాపురి, కొనేవారు ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలు. ఫ్యాక్టరీలు వెనక్కి తగ్గడంతో కాయ రోడ్ల మీద నిలిచిపోయింది. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలనీ, తాను 4 రూపాయలు కలుపుతాననీ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. కర్ణాటక తోతాపురి లోపలికి రాకుండా జిల్లా యంత్రాంగం ఆపితే రెండు రాష్ట్రాల మధ్య తగాదా లేచింది. చివరకు కేంద్రం మార్కెట్టు జోక్య పథకం కింద క్వింటాలు ధర 1,490 రూపాయల 73 పైసలుగా లెక్కకట్టి 1,62,000 టన్నుల వరకు తేడా భరించడానికి ఒప్పుకున్నది. ఒకే రకం, ఒకే తరహా కొనుగోలుదారు అయినప్పుడు ధర ఎవరి చేతిలో ఉంటుందో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు.

మన పట్టెలో పరిస్థితి అంత దూరం రాలేదు. అయితే రసాల చెట్లు కొట్టి బంగినపల్లి అంట్లు పెట్టడం, కొన్నిచోట్ల మామిడినే తీసి ఆయిల్ పామ్ వేయడం జరుగుతున్నది. రైతును తప్పు పట్టలేము. రసాలకు వేరే ధర రానప్పుడు వాటికి వేరే స్థలం ఎందుకు ఇస్తాడు? పాత చెట్టు కొట్టిన చోట పెట్టిన కొత్త అంటు పూర్తి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. రేపు గిరాకీ వచ్చినా సరుకు దొరకదు.

దూరమెంత, మార్కెట్టు ఏది

విదేశీ ఎగుమతిని రసాల విషయంలో ముందు పెట్టుకోవడం పొరపాటని మా అభిప్రాయం. దేశంలో ఏటా 2 కోట్ల టన్నులకు పైగా మామిడి పండుతుండగా తాజా పండుగా విదేశాలకు పోయేది అందులో ఒక శాతం కూడా కాదు. నిబంధనలు గట్టివి. జపాను 2006లో ఆవిరి శుద్ధి షరతుతో అనుమతించింది. ఆ జాబితాలో చేరిన ఆల్ఫాన్సో, కేసర్, బంగినపల్లి, లంగ్డా, చౌసా, మల్లికలలో రసాలు లేవు. అమెరికా 2007 నుంచి వికిరణం చేసిన పండునే తీసుకుంటున్నది. పండు ఈగ పేరుతో 2014 మేలో ఐరోపా సమాఖ్య మన మామిడిని ఆపి, 2015 జనవరిలో గాని నిషేధం ఎత్తివేయలేదు.

రసాలకు తగిన మార్కెట్టు ఒక రాత్రి ప్రయాణంలో ఉన్నది. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు, విశాఖపట్నం. ఈ నాలుగింటిలోనూ చిన్నరసం పేరు చెబితే నోరూరే తెలుగువారు లక్షల్లో ఉన్నారు. వారికి రసం ఏదో చెప్పనక్కరలేదు, అడిగినది అదేనని నమ్మకం ఇస్తే చాలు. ఇందుకు కావలసిన ఏర్పాట్లు పెద్దవి కావు. కాయను రాల్చకుండా ముచ్చికతో కోయాలి. సొన కారిన కాయ మచ్చపడుతుంది. లోతు తక్కువ క్రేట్లలో పెట్టాలి, టన్నుల లెక్కన లారీలో కుమ్మరించరాదు. కార్బైడు సంగతి అందరికీ తెలిసినదే. నిషేధం ఉన్నది, రసాలకు అది మరీ చేటు. బయట రంగు తిరిగి లోపల పులుపు పోదు. 100 పి.పి.ఎం. వరకు ఇథిలీన్ వాయువుతో మాగబెట్టడానికి ఆహార భద్రతా సంస్థ 2016లో అనుమతించింది. అంత సదుపాయం లేనివారు పాత పద్ధతిన ఎండుగడ్డిలో వేసినా రసం చక్కగా మాగుతుంది, కాకపోతే రోజులు ముందుగా లెక్క వేసుకోవాలి.

అన్నింటికన్నా ముందు చేయవలసినది రాశులు వేరు చేయడం. చిన్నరసం చిన్నరసంగా, పెద్దరసం పెద్దరసంగా. క్రేటు మీద రకం, తోట ఊరు, కోసిన తేదీ, ఈ మూడు ముక్కలు రాసిన చీటీ. చీటీ ఖర్చు లెక్కలోకి రాదు. కోతకు వచ్చిన తోటను పూత మీదనే గుత్తకు తీసుకునే వర్తకునికి సరుకు ఏ తోటదో ఎలాగూ తెలుసు గనుక ఈ పని అతనికే సులువు. కలిపి పోస్తే నాసి సరుకు కూడా చెల్లిపోతుందన్న ఆశ వదులుకోవాలి, అక్కడే కష్టం.

చట్టంలో వర్తకుని స్థానం

భౌగోళిక గుర్తింపు అంటే రైతుల వ్యవహారమని చాలామంది వర్తకులు పట్టించుకోరు. 1999లో చేసి 2003 సెప్టెంబరు 15 నుంచి అమలు చేసిన ఆ చట్టంలో ఉత్పత్తిదారు అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం చదవదగినది. వ్యవసాయ సరుకుల విషయంలో పండించేవారితో పాటు శుద్ధి చేసేవారు, ప్యాకింగు చేసేవారు కూడా అందులోకి వస్తారు. ఆ సరుకుల్లో వ్యాపారం చేసేవారిని సైతం చేర్చారు. అంటే నూజివీడు రసాలకు ఒక సంఘం కట్టి దరఖాస్తు పెట్టదలిస్తే కమీషను వర్తకులు పక్కన నిలబడి చూడవలసిన పని లేదు, రైతులతో కలిసి కూర్చోవచ్చును.

దరఖాస్తులో పండు గుణాలు, అవి ఆ నేలకూ వాతావరణానికీ ఎట్లా సంబంధించినవో రుజువు, పూర్వ చరిత్ర, నాణ్యతను తనిఖీ చేసే ఏర్పాటు, హద్దుల పటం చూపాలి. మొదట చెప్పిన మూడు జిల్లాల చిక్కు ఇక్కడే వస్తుంది. పటం జిల్లా హద్దుల ప్రకారం గీస్తే సగం తోటలు బయటపడతాయి. మండలాల ప్రకారం, వీలైతే నేలల ప్రకారం గీయాలి. అదే సమయంలో బంగినపల్లి పటం వలె అందరినీ చేర్చుకుంటూ పోతే గుర్తింపు వచ్చీ ధర రాదు. ఎవరిని బయట ఉంచాలన్నదే ఈ పనిలో తగవులు తెచ్చే భాగం. పొంబాల్ రాళ్లు పాతించి తేల్చాడు, ఇక్కడ కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవాలి.

చరిత్ర రుజువుకు పాత కొట్ల ఖాతా పుస్తకాలు పనికివస్తాయి. కేదారేశ్వరపేట పండ్ల మార్కెట్టులోనూ, నూజివీడు పాత తోటల యజమానుల ఇళ్లలోనూ రకం పేరు, ఊరు పేరు, పంపిన స్టేషను రాసిన చిట్టాలు ఉంటే చెదలు పట్టకముందే బయటికి తీయడం మంచిది. దరఖాస్తు చెన్నైలోని రిజిస్ట్రీకి పంపాలి. నమోదు పదేళ్లకు చెల్లుతుంది, ఆపైన పునరుద్ధరించుకోవాలి.